కొసరు చేప

మా వదినను వీధిలో అందరూ చేపల పేరమ్మ అంటారు. మనుషులకు సంబంధాలు కుదిర్చేవాణ్ని పెళ్లిళ్ల పేరయ్య అన్నట్టు, ఈవిడ అక్వేరియం చేపలకు తోడు కుదురుస్తుంది కాబట్టి ఆ పేరు. పెట్టింది నేనే. ఎగతాళికని పెడితే అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా గుమ్మం ముందు నిలబడి "పేరమ్మగారున్నారా?" అని అడుగుతారు. ఆవిడ "ఆఁ, వస్తున్నా" అని పలుకుతుంది కూడా. ఎగతాళిని ఇలా చప్పబరిచే మనిషితో ఏం వేగుతాం?

కొట్టు మా ఇంటి ముందుగదిలోనే. ఒకప్పుడది నా గది. నా మంచం, నా బీరువా ఉన్నచోట ఇప్పుడు వరసలు వరసలుగా గాజు తొట్లున్నాయి. గాలి పంపులు ఎప్పుడూ బుడబుడమంటూనే ఉంటాయి. నన్ను లోపలి గదిలోకి నెట్టేసినందుకు మొదట్లో ఆమెతో మాటలు మానేశాను. ఆమె గమనించలేదు. అలిగిన సంగతి ఎదుటివాళ్లకు తెలియకపోతే అంత దండగ పని ఇంకొకటి ఉండదు, అందుకని నేనే మళ్లీ మొదలుపెట్టాను. నాకు పక్క వీధిలో కొరియరు ఆఫీసులో ఉద్యోగం. మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తాను కాబట్టి, కొట్లో జరిగే భాగోతమంతా నా కళ్ల ముందే జరుగుతుంది.

వదిన పుట్టింటివాళ్లది గాజు కోసే పని. కిటికీ అద్దాలు, ఫొటో ఫ్రేములు, షాపుల్లో అరలు. గాజు పలక మీద గీత గీసి, బల్ల అంచుకు ఆనించి టక్కున విరవడం ఆమెకు చిన్నప్పుడే అబ్బిన విద్య. పెళ్లయి వచ్చాక ఊరికే కూర్చోలేక చేపల తొట్లు అతికించి అమ్మడం మొదలుపెట్టింది. మా అన్నయ్య కరెంటు పనివాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఆమె తొట్టి కడితే ఆయన పైన దీపం బిగించి ఊరుకునేవాడు. అప్పటికి చేపల గురించి ఇద్దరికీ ఓనమాలు రావు.

తొట్లు కొన్నవాళ్లు కొన్నాళ్లకు మొహాలు వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్లు. మీ తొట్టిలో చేపలు బతకడం లేదండీ అనేవాళ్లు. తొట్టి కారితే మా తప్పుగానీ చేప చస్తే మాకేం సంబంధం అని నేనైతే అడ్డంగా వాదించేదాన్ని. వదిన వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసొచ్చింది. నీళ్లు బాగానే ఉన్నాయి, తొట్టి బాగానే ఉంది. లోపలున్నవే ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. అందంగా ఉందని ఒకటి, చవగ్గా వచ్చిందని ఒకటి, పిల్లలు ఏడ్చారని ఇంకొకటి కొని అన్నిటినీ ఒకే నీళ్లలో పడేశారు మరి.

అప్పటినుంచి ఆమెకు అదే ధ్యాస. ఒక స్టూలు వేసుకుని తొట్టి ముందు కూర్చునేది. కళ్లలో వత్తులు వేసుకుని ఏది దేన్ని తరుముతోంది, ఎక్కడిదాకా తరిమి ఆగుతోంది అని చూసేది. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. పిలిస్తే పలికేది కాదు. ఆవిడకు చెవుడొచ్చిందని నేను అన్నయ్యతో అంటే ఆయన కూడా పలకలేదు.

చూడగా చూడగా ఆమెకు తెలిసిందేమిటంటే, పెద్ద చేపలకు, అందులోనూ ఆస్కార్ లాంటివాటికి, తొట్టి అంటే సొంత జాగా. ఈ మూల నుంచి ఆ రాయి దాకా నాది అని గీత గీసుకుంటాయి. అలాంటిదానికి తోడు కావాలని ఎవరైనా వస్తే వదిన మొదట అడిగేది దాని నోరు ఎంత తెరుచుకుంటుందని. ఆ నోట్లో పట్టేదైతే అది తోడు కాదు, తిండి. తనలాంటి ఆకారం, తనలాంటి రంగు ఉన్నదాన్ని తెస్తే పోటీకొచ్చిందనుకుని తరుముతుంది. ఒంటరిగా ఒక్కదాన్ని తెచ్చి వేస్తే దాని పీక మీదికొస్తుంది. అదే ఒక గుంపును తెస్తే, ఎవరిని తరమాలో తేల్చుకోలేక విసుగెత్తి ఊరుకుంటుంది. కొత్తవాటిని వదిలే రోజున వదిన తనే వాళ్లింటికి వెళ్తుంది. పాత చేపకు కడుపునిండా పెట్టి, రాళ్లన్నీ తీసి చోట్లు మార్చి, దీపం ఆర్పేస్తుంది. తన చోటేదో తనకే తెలియనప్పుడు ఇంకొకరిని పొమ్మనలేదు కదా అని ఆమె లెక్క.

అయితే ఈ పనిలో వ్యాపారం తక్కువ, తిరస్కారాలెక్కువ. ఒకాయన కొత్త సోఫా కొనుక్కున్నాడు. ఇంట్లో ఫ్లవర్‌హార్న్ ఉందట, నెత్తిన బొప్పి కట్టినట్టుండే చేప. దాని పక్కన వేయడానికి పసుపుపచ్చవి కావాలన్నాడు.

"ఏవైనా పర్లేదండీ, సోఫాకి మ్యాచింగ్ అవ్వాలి," అన్నాడు.

"సోఫా కరవదు కదండీ," అంది వదిన.

"అంటే?"

"మీ చేప కరుస్తుంది. దానికి ఒంటరిగా ఉండటమే ఇష్టం, ఉండనివ్వండి. సోఫాకి పసుపుపచ్చ దిండ్లు కొనుక్కోండి."

అమ్మకానికి కూర్చున్న మనిషి అనే మాటేనా అది! ఆయన వెళ్లాక నేను చెడామడా తిట్టాను. వదిన నవ్వి, "ఇవాళ అమ్మితే రేపు ఆ చచ్చినవాటిని సంచీలో వేసుకుని నా దగ్గరికే తెస్తాడు చిట్టీ. అప్పుడు ఆ మొహం నువ్వు చూస్తావా?" అంది. తను చూపించిన జోడీ పొసగకపోతే వెనక్కి తెచ్చేయమంటుంది. అలా తిరిగొచ్చిన గయ్యాళులన్నీ మా వెనక వరండాలో తలా ఒక తొట్టిలో విడివిడిగా కాపురం ఉంటున్నాయి. పనిలో ఆమె అంత గట్టి మనిషి. ఈ విషయం ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది ఆమె చేసిన తప్పు.

కూరగాయలు కొంటే చివర్న రెండు మిరపకాయలు కొసరు వేస్తారు చూడండి, అలా పెద్ద తొట్టి కొన్నవాళ్లకల్లా వదిన ఒక సక్కరు చేపపిల్లను ఊరికే ఇచ్చేది. మూతి గాజుకు అతికించుకుని పాచి తింటూ పాకే నల్ల చేప అది. వేలంత ఉంటుంది. ఒళ్లంతా గరుకు పెంకు కాబట్టి పెద్దవి దాని జోలికి పోవు, అది ఎవరి జోలికీ పోదు. ఏ తొట్టిలోనైనా ఇమిడిపోతుందని ఆమెకు గట్టి నమ్మకం. "ఇంట్లో ఉన్నట్టే తెలియదు, అంత మంచిది," అని నా వైపు చూసి మరీ మెచ్చుకునేది.

మా వీధి చివర కుట్టు మాస్టారున్నారు. కోటు కుట్టాలంటే ఆయనే కుట్టాలి, తిట్టాలన్నా ఆయనే తిట్టాలి. కొలతలు తీసేటప్పుడు ఎవరైనా ఊపిరి బిగబడితే, "పొట్ట దాచుకుంటే కోటుకి తెలియదనుకున్నావా?" అని కడిగిపారేస్తారు. ముక్కు మీదే కోపం. ఆయన భార్య మాత్రం ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. వదిన ఆవిణ్ని పిన్నిగారూ అని పిలిచేది. కొన్నేళ్ల కిందట పిన్నిగారు మా కొట్లో పెద్ద తొట్టి, బొటనవేలంత ఆస్కార్ పిల్ల కొనుక్కెళ్లి, కుట్టు మిషను పక్కనే పెట్టింది. దానికి బాబుగారు అని పేరు పెట్టుకుంది. బాబుగారు తిని తిని అన్నం పళ్లెమంత అయ్యాడు. ఆవిడ చెయ్యి నీళ్లలో పెడితే వచ్చి అరచేతిలో ఒళ్లు రాసుకునేవాడు.

పోయిన వానాకాలంలో పిన్నిగారు చనిపోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. ఆ తర్వాత మాస్టారు మనుషులతో మాట్లాడటం దాదాపుగా మానేశారు. కొలతలడిగి, గుడ్డ తీసుకుని, మొహం తిప్పుకునేవారు. చేపతో మాత్రం మాట్లాడేవారు. గుండీ కోసం వెళ్లినప్పుడు నేనే విన్నాను, "ఏరా, ఇవాళ ఎండ చూశావా?" అని అడుగుతున్నారు. చేప గాజు దగ్గరికొచ్చి నోరు తెరిచి మూసింది. నాకు నవ్వు రాలేదు.

అలాంటి మనిషి ఒకనాడు మధ్యాహ్నం మా కొట్టుకొచ్చారు. నేను కంచం ముందు ఉన్నాను.

"అమ్మాయ్, మా వాడు తినడం లేదు," అన్నారు వదినతో. "మూల్లో తల కిందికి పెట్టుకుని ఉంటున్నాడు. పిలిస్తే రావడం లేదు."

వదిన వెంటనే బయల్దేరింది. బకెట్టు మొయ్యడానికి నన్నూ లాక్కుపోయింది. స్టూలు వేసుకుని చాలాసేపు చూసింది. నీళ్లు వాసన చూసింది, హీటరు పట్టుకుని చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. బాబుగారు మాత్రం ఫిల్టరుకి ఎదురు మూలలో గోడకు ఆనుకుని నీరసంగా ఉన్నాడు. అలికిడైతే ఉలిక్కిపడుతున్నాడు.

"భయపడుతున్నాడు మాస్టారూ," అంది వదిన. "పిన్నిగారున్నప్పుడు గదిలో ఎప్పుడూ సందడిగా ఉండేది. ఇప్పుడు అలికిడే లేదు. తన చుట్టూ ఇంకేవైనా నిమ్మళంగా తిరుగుతుంటే ప్రమాదం లేదని వీడికీ ధైర్యమొస్తుంది. తోడు కావాలి."

"వాడికి తోడా? చంపేస్తాడు."

"సరైనవాటిని తెస్తే చంపడు. సిల్వర్ డాలర్లని ఉన్నాయి. బిళ్లల్లా గుండ్రంగా, వెడల్పుగా ఉంటాయి, వీడి నోట్లో పట్టవు. వీడితో పోటీకి రావు. గుంపుగా వేద్దాం."

మాస్టారు తొట్టి వైపే చూస్తూ, "వీడికేమైనా అయితే?" అన్నారు.

"నాదీ పూచీ."

"అలా తేలిగ్గా అనకు. ఆవిడ చేత్తో పెంచినదాంట్లో ఇంకా ఊపిరున్నది వీడొక్కడే. వీడు పోతే నేనీ గదిలో కూర్చోలేను. కుట్టలేను." ఆయన గొంతు మామూలుగానే ఉంది, కొలతలు చెప్పినట్టే చెప్పారు.

"నాదీ పూచీ మాస్టారూ," అని వదిన మళ్లీ అంది.

మర్నాడు వెళ్లి పద్ధతి ప్రకారం అన్నీ చేసింది. రాళ్లు జరిపింది. మూలనున్న మట్టికుండ ఎత్తేసరికి లోపలినుంచి నల్లగా ఒకటి తోక విదిలించి ఫిల్టరు వెనక్కి దూరిపోయింది. ఆమె కొసరిచ్చిన సక్కరు చేపే. వేలంత ఇచ్చింది మోచెయ్యంత అయింది. "అబ్బో, ఎంత పెరిగిందో చూడు!" అని వదిన కూతురు ఎదిగినట్టు మురిసిపోయింది. సిల్వర్ డాలర్లను వదిలి, దీపం ఆర్పి వచ్చేశాం.

సంబంధం కుదిరినట్టే కనిపించింది. బాబుగారు ఒకటి రెండుసార్లు తరమబోయి, ఎవరి వెంట పడాలో తెలియక మానుకున్నాడు. మూల వదిలి మధ్యలోకొచ్చాడు. మాస్టారి చేతిలోంచి రెండు మెతుకులు అందుకున్నాడట. ఆ కబురు చెప్పడానికి ఆయన వీధిలో నన్ను ఆపి మరీ మాట్లాడారు. వదిన ఆ రోజంతా కూనిరాగాలు తీసింది. ఆమెకు గొంతు లేదు, ఆ సంగతీ గమనించదు.

వారం తిరక్కుండా మాస్టారు మళ్లీ వచ్చారు. ఈసారి గుమ్మం బయటే నిలబడ్డారు.

"వచ్చి చూసుకో, నువ్వు కుదిర్చిన సంబంధం," అన్నారు.

బాబుగారి పక్కటెముకల దగ్గర, రెండు వైపులా, ఎవరో గీకినట్టు తెల్లటి మచ్చలు. ఒకచోట ఎర్రగా పచ్చి మాంసం కనిపిస్తోంది. వదిన మొహం పాలిపోయింది. సిల్వర్ డాలర్లే కొరుకుతున్నాయనుకుంది, ఇంకెవరనుకుంటుంది? ఒక్కమాట మాట్లాడకుండా వాటన్నిటినీ పట్టి బకెట్లో వేసుకొచ్చేసింది. నీళ్లు మార్చింది, ఉప్పు కలిపింది, మందు వేసింది. అన్నయ్య వెళ్లి హీటరు తీగలన్నీ విప్పి చూసొచ్చాడు. అయినా మచ్చలు ఆగలేదు. రోజు రోజుకీ పెద్దవవుతున్నాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో బాబుగారు ఒక పక్కకి ఒరిగి అడుగున పడుకున్నాడు. మాస్టారు మిషను మీద గుడ్డ కప్పేసి, వీధి తలుపు సగం వేసి, తొట్టి ముందు కూర్చున్నారు. ఎవరైనా కొలతలివ్వడానికి వస్తే తల కూడా ఎత్తలేదు.

వదిన అన్నం సరిగ్గా తినడం మానేసింది. తోడు చూపించమని వచ్చినవాళ్లను ఇప్పుడు చూడటం లేదండీ అని పంపేసింది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, అలా చేతులు ముడుచుకుని కూర్చోవడం మీద. గట్టి మనుషులు దిగాలుపడితే నాకు భయం, ఆ భయం నాకు కోపంగానే బయటికొస్తుంది.

"ఏమిటి వదినా ఈ ఏడుపు?" అని మీద పడ్డాను. "నువ్వు వేసినవి తీసేశావు. అయినా గాయాలు పెరుగుతున్నాయి. అంటే వాటి తప్పు కాదనేగా? మరి ఆ తొట్టిలో ఇంకెవరున్నారు? రాళ్లు కరిచాయా?"

"ఇంకెవరున్నారు? ఆ సక్కరు ఒక్కటేగా. పాపం అది ఎవరి జోలికీ..." అని వదిన ఆగిపోయింది.

ఆ కొసరు చేపను తను తొట్ల ముందు కూర్చుని ఎప్పుడూ చూడలేదు. అన్నీ చూసింది, దాన్ని తప్ప. మంచిదని పేరున్నదాని మీద కళ్లెవరు పెడతారు? పైగా అది పగలు బయటికి రాదు.

మేం వెళ్లేసరికి మాస్టారు అలాగే కూర్చుని ఉన్నారు. వదిన ఆయన్ని కోటు లోపల వేసే నల్ల లైనింగు గుడ్డ అడిగింది. ఎందుకని కూడా అడక్కుండా ఆ గుడ్డ చుట్ట తీసి ఇచ్చారు. దాన్ని నాలుగు మడతలు వేసి తొట్టి చుట్టూ, మీదా, ఎక్కడా వెలుతురు చొరకుండా కప్పేసింది. మిట్టమధ్యాహ్నం తొట్టిలో చీకటైపోయింది. ముగ్గురం మాట్లాడకుండా కూర్చున్నాం. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. కొంతసేపటికి వదిన లేచి ఒక మూల గుడ్డ ఎత్తి, లోపలికి చూసి, మమ్మల్ని రమ్మని చేత్తో సైగ చేసింది.

నల్ల చేప బాబుగారి పక్కను కరుచుకుని ఉంది. మూతి అతికించి, గాజు మీద పాచి గీకినట్టే, ఆ పచ్చి గాయం మీద జిగురును గీక్కుని తింటోంది. బాబుగారు వదిలించుకోవడానికి ఒకసారి కొట్టుకుని, ఓపిక లేక ఊరుకున్నాడు.

వదిన చేతికి తువ్వాలు చుట్టుకుని, దాన్ని పట్టి బకెట్లో వేసింది.

"తప్పు నాది మాస్టారూ," అంది. "ఇది నేనిచ్చిందే. కొసరుగా నేనే ఇచ్చాను. వీడు మూల్లో నక్కింది ఒంటరితనానికి కాదు, దీని భయానికి. నాకు అర్థం కాలేదు. ఏ పాపం ఎరగని ఆ తోడు చేపల మీద నెట్టాను."

ఆయన తిడతారని నేను కాచుక్కూర్చున్నాను. తిడితే ఎదురు చెప్పడానికి నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి కూడా. ఆయన బకెట్లోకి చూసి, "ఇన్నేళ్లుగా ఉన్నదేగా. ఇప్పుడెందుకు చేసింది?" అని మాత్రం అడిగారు.

వదిన దాన్ని తువ్వాలుతో పట్టి వెల్లకిలా తిప్పింది. పొట్ట గుంట పడి వీపుకు అంటుకుపోయింది.

"ఆకలి," అంది వదిన. "దీనికేం పెడుతున్నారు?"

"దానికి పెట్టడమేమిటి? అది పాచి తింటుందిగా."

"చిన్నప్పుడు పాచి సరిపోతుంది. పెరిగాక సరిపోదు. పిన్నిగారు అడిగితే చెప్పాను, ఆవిడ అడుగుకు మునిగే బిళ్లలు తీసుకెళ్లేవారు. మీరు మిషను ఆపి లోపలికెళ్లాక దీపం ఆర్పి, అప్పుడు వేసేవారట. వెలుతురుంటే బాబుగారు మింగేస్తాడని."

మాస్టారు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "రోజూనా?"

"రోజూనే. ఆవిడ పోయాక ఆ బిళ్లల కోసం మీ ఇంటినుంచి ఎవరూ రాలేదు. అది నాకు తట్టాలి మాస్టారూ. తట్టలేదు."

నా నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు.

బాబుగారు బతికాడు. అది ఒక్కరోజులో జరగలేదు. కొన్ని వారాలపాటు వదిన రోజూ వెళ్లి నీళ్లు మార్చి, ఉప్పు వేసి, మాస్టారి చేత చిన్న చిన్న ముక్కలు తినిపించింది. పొలుసులు పోయినచోట మళ్లీ రాలేదు, రెండు వైపులా మాసిక వేసినట్టు మచ్చలు ఉండిపోయాయి. సక్కరు చేప మా వెనక వరండాకి చేరింది. ఇప్పుడది పుష్టిగా ఉంది. దాన్ని చూస్తే నాకు పీకల దాకా కోపమొచ్చేది, కానీ ఆకలితో అది చేసినదానికి దాన్ని అని ఏం లాభం?

మాస్టారింట పని ఒక కొలిక్కి వచ్చాక వదిన కొసరిచ్చిన ఇళ్లన్నీ తిరగడం మొదలుపెట్టింది. గుర్తున్న ప్రతి ఇంటికీ వెళ్లి తలుపు కొట్టి, "అప్పట్లో మీకో నల్ల చేపను ఇచ్చాను. దానికేం పెడుతున్నారు?" అని అడిగేది. సగంమంది తెల్లమొహం వేశారు. కొందరికి అది ఇంకా బతికున్నట్టే తెలియదు. పెట్టగలిగినవాళ్లకు బిళ్లలిచ్చి చెప్పింది, మిగతావాళ్ల దగ్గర్నుంచి వెనక్కి తెచ్చేసుకుంది. ఇచ్చిన కొసరు గుంజుకునే వ్యాపారి ప్రపంచంలో నువ్వొక్కదానివే అని నేను వేళాకోళం ఆడాను. బకెట్లు మాత్రం నేనే మోశాను.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం మాస్టారు మా కొట్టుకొచ్చారు. లోపలికొచ్చారు.

"ఆ బిళ్లల్లాంటి చేపలున్నాయే, వాటిని మళ్లీ తెచ్చి వెయ్యమ్మా," అన్నారు. "వాటి తప్పేం లేదుగా. మా వాడు వాటికోసం చూస్తున్నట్టుంది."

"రేపు పొద్దున్నే తెస్తాను," అంది వదిన. ఆమె మొహంలో ఇన్నాళ్లకు వెలుగు కనిపించింది.

పని అయిపోయింది, ఆయన వెళ్లలేదు. ఒక తొట్టిలోకి చూస్తూ నిలబడ్డారు. అందులో చేపలు లేవు, కడగడానికి ఖాళీ చేసింది. నేను కంచం ముందునుంచి లేవబోయి ఆగిపోయాను.

"అమ్మాయ్," అన్నారు, వదిన వైపు తిరక్కుండానే. "ఆవిడ నీ దగ్గరికి తరచూ వచ్చేది కదా. కాసేపు కూర్చునేది."

"వచ్చేవారు మాస్టారూ."

"నాకు తెలియకుండా ఆవిడ ఇంకా ఏమేం చేసేదో నీకు తెలుసా?"

ఏ చేపకు ఏ చేప పొసగదో మొహం మీద కొట్టినట్టు చెప్పే మనిషి, చేతిలో గుడ్డను ఊరికే మడత పెట్టి విప్పింది. తెలియదని చెబుతుందనుకున్నాను. నేనైతే అలాగే చెప్పేదాన్ని.

"గుండీలు," అంది చివరికి. "మీకు చూపు తగ్గింది కదా మాస్టారూ. మీరు కుట్టి పక్కన పెట్టిన బట్టల మీద గుండీలన్నీ, ఇచ్చేసేముందు ఆవిడ మళ్లీ ఒకసారి బిగించేవారు. మీరు భోజనం చేసి కునుకు తీసేటప్పుడు."

మాస్టారు తన వేళ్లవైపు చూసుకున్నారు. ఈ ఏడాదంతా ఆయన కుట్టిన చొక్కాల గుండీలు ఊడుతున్నాయని వీధిలో అందరికీ తెలుసు. నాదీ ఊడింది. మనసు బాగాలేక అలా కుడుతున్నారులే అనుకుని ఎవరూ ఆయనతో ఆ మాట అనలేదు.

వదిన స్టూలు ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చున్నారు.

"ఇంకా?" అన్నారు మాస్టారు.